అమ్మ ఎక్కిన విమానం ఎక్కడుంది?

ఈ మధ్యే ఉద్యోగం మారి డాలస్ చేరిన పాఠకుడొకరు ఒక ప్రశ్న పంపారు. వాళ్ళ అమ్మగారు హైదరాబాదు నుంచి దోహా మీదుగా మొదటిసారి అమెరికా వస్తున్నారు. ఆయనకి ఆ విమానాశ్రయం కొత్త, ఆ రోడ్లూ కొత్తే. కారు తీసుకుని ఎన్నింటికి బయల్దేరాలి? ఫోన్లో మ్యాప్ మీద పాకుతూ కనిపించే ఆ చిన్న విమానం బొమ్మని ఎంతవరకు నమ్మొచ్చు? మొదటి ప్రశ్నకి జవాబు ఒక పేరాలో అయిపోతుంది, అది చివర్లో చెబుతాను. రెండోది మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ బొమ్మ వెనకున్న లెక్క నాకు తెలిసిన లెక్కల్లోకెల్లా అందమైనది.

పునాది విషయాలు గబగబా చెప్పేస్తాను. పాత రాడార్ రేడియో తరంగాన్ని వదిలి, విమానానికి తగిలి వెనక్కొచ్చిన దాన్ని పట్టుకుంటుంది. తర్వాత వచ్చిన సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద "నువ్వెవరు?" అని అడిగితే, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. ఇప్పటి ఏడీఎస్-బీ పద్ధతిలో అడిగేవాళ్ళే అక్కర్లేదు. విమానం జీపీఎస్ సాయంతో తన చోటు తెలుసుకుని, అదే 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకి దాదాపు రెండుసార్లు తనంతట తానే ప్రకటిస్తూ పోతుంది. అందులో రహస్యమేమీ లేదు, ఎవరైనా వినొచ్చు. అమెరికాలో రద్దీ గగనతలంలో తిరిగే విమానాలకి 2020 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి.

వినేవాళ్ళలో ఎక్కువమంది మామూలు మనుషులు. మేడ మీద ఒక యాంటెన్నా, కంప్యూటర్‌కి తగిలించుకునే చవకైన టీవీ ట్యూనర్ ఉంటే చాలు. ఆ ట్యూనర్‌లోని చిప్పు టీవీ ఒక్కటే కాదు, ఇతర రేడియో తరంగాల్ని కూడా పట్టగలదని 2012లో బయటపడింది. సాల్వతోరే సాన్‌ఫిలిప్పో అనే ఇటలీ ప్రోగ్రామర్ ఆ ట్యూనర్‌తో విమానాల మాటలు చదివే 'డంప్1090' రాసి ఉచితంగా ఇచ్చేశాడు. ఫ్లైట్‌రాడార్24 కూడా 2006లో స్వీడన్‌లో ఇద్దరి సరదాగానే మొదలైంది. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బద్దలై ఐరోపాలో చాలావరకు విమానాలు ఆగిపోయినప్పుడు లోకమంతా దాన్ని చూసింది.

పేరులో రాడార్ ఉన్నా ఆ మ్యాప్‌లో కనిపించేది చాలావరకు రాడార్ సమాచారం కాదు. ఇక్కడే మన పత్రికలు పదేపదే తప్పు రాస్తుంటాయి, నాకది బాధ. మ్యాప్ మీద బొమ్మ ఆగిపోగానే "రాడార్ నుంచి అదృశ్యం" అని శీర్షిక పెట్టేస్తారు. బొమ్మ ఆగిందంటే దగ్గర్లో వినేవాళ్ళు లేకపోయి ఉండొచ్చు, లేదా విమానమే చెప్పడం మానేసి ఉండొచ్చు. 2014 మార్చి 8న మలేషియా విమానం ఎంహెచ్370 చెప్పడం మానేసిన చోటే కూలిందనుకుని మొదట దక్షిణ చైనా సముద్రంలో వెతికారు. అది వెనక్కి తిరిగి పడమరగా వెళ్ళిందని చెప్పింది మలేషియా సైన్యపు పాత పద్ధతి రాడారే. ఇంకో తప్పు, జీపీఎస్ ఉపగ్రహాలు విమానాల్ని చూస్తుంటాయనడం. అవి సమయాన్నీ తమ చోటునీ చెబుతూ పోతాయంతే. కింద వినేది విమానమో మీ ఫోనో వాటికి తెలియదు.

ఇక అసలు సంగతి. విమానం పంపే ఒక్కో సందేశానికి పట్టేది 120 మైక్రోసెకన్లు. మొదటి 8 వినేవాళ్ళని హెచ్చరించడానికి, మిగతా 112లో 112 బిట్లు. ఇంత పొదుపు ఎందుకంటే ఆకాశంలో ఉన్న విమానాలన్నీ మాట్లాడేది ఆ ఒక్క 1090 మీదే, ఎవరి వంతు ఎప్పుడో చెప్పేవాళ్ళు లేరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే సందేశాలు రెండూ చెడిపోవచ్చు. అందుకే సందేశం వీలైనంత పొట్టిగా ఉండాలి, రెండు సందేశాల మధ్య విరామం 0.4 నుంచి 0.6 సెకన్ల దాకా ఎటుపడితే అటు మారుతూ ఉండాలి. 112 బిట్లలో 24 విమానం గుర్తింపు సంఖ్యకి, 24 తప్పులు పట్టుకోవడానికి, మరో 8 సందేశం ఏ రకమో చెప్పడానికి పోతాయి. మిగిలిన 56లో ఎత్తుకి 12, ఇతర చిల్లర వివరాలకి కొన్ని. చివరికి అక్షాంశానికి దక్కేవి 17 బిట్లు, రేఖాంశానికి 17.

17 బిట్లతో 1,31,072 వేర్వేరు విలువలు చెప్పొచ్చు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. భాగిస్తే ఒక్కో మెట్టు 305 మీటర్లు. రెండు రన్‌వేలు పక్కపక్కనే ఉన్న చోట 305 మీటర్ల మెట్టుతో లాభం లేదు. 5 మీటర్ల తేడా తెలియాలంటే 23 బిట్లు కావాలి, ఉన్నవి 17. ఏం చేయాలి?

1990లలో అమెరికాలోని ఎంఐటీ లింకన్ లేబొరేటరీలో ఈ 112 బిట్ల సందేశం రూపుదిద్దుకుంది. ఇందులో చోటు చెప్పే తీరు ఇలా ఉంటుంది. భూమి చుట్టూ ఉన్న 360 డిగ్రీల్ని 6 డిగ్రీల చొప్పున 60 పట్టీలు చేస్తారు. ఒక్కో పట్టీ వెడల్పు సుమారు 667 కిలోమీటర్లు. విమానం తానున్న పట్టీలో ఎంత దూరం వచ్చిందో మాత్రమే చెబుతుంది, అది ఎన్నో పట్టీయో చెప్పదు. 667 కిలోమీటర్లని 1,31,072తో భాగిస్తే మెట్టు 5 మీటర్లకి వచ్చేస్తుంది. కాని డాలస్ మీదున్న విమానం చెప్పే అక్షాంశమూ, సరిగ్గా 667 కిలోమీటర్లు ఉత్తరాన కాన్సాస్ మీదున్న విమానం చెప్పేదీ ఒకటే అయి కూర్చుంటుంది. దీనికి మందు రెండో సందేశంలో ఉంది. ఆ సందేశం పంపేటప్పుడు విమానం భూమిని 60 పట్టీలుగా కాక 59 పట్టీలుగా కోస్తుంది. మళ్ళీ 60, మళ్ళీ 59. ఇది ఏ రకం సందేశమో చెప్పడానికి ఒక్క బిట్టు కేటాయించారు: సరి, బేసి.

ఇందులోని కిటుకు తెలుగువాళ్ళకి ఎవరికన్నా సులువుగా అర్థం కావాలి, మనకి అరవై సంవత్సరాల పేర్లున్నాయి కాబట్టి. ఒక పెద్దాయన "నేను ఈశ్వర నామ సంవత్సరంలో పుట్టాను" అంటే అది 1937 కావచ్చు, 1997 కావచ్చు, కాగితం మీదైతే 1877 కూడా కావచ్చు. పక్క ఊళ్ళో యాభై తొమ్మిది పేర్లతో తిరిగే ఇంకో చక్రం ఉందనుకోండి. రెండు చక్రాలూ ఒకేరోజు మొదలయ్యాయి. మొదటి అరవై ఏళ్ళు గడిచేసరికి పక్క ఊరివాళ్ళు మనకన్నా ఒక పేరు ముందుంటారు. రెండు అరవైలు గడిస్తే రెండు పేర్లు, మూడు గడిస్తే మూడు. అంటే రెండు చక్రాల మధ్య ఎంత ఎడం వచ్చిందో చూస్తే ఎన్ని చక్రాలు తిరిగాయో తెలిసిపోతుంది. ఆ పెద్దాయన రెండు పేర్లూ చెబితే 3,540 ఏళ్ళలో ఆయన పుట్టిన సంవత్సరం ఒక్కటే తేలుతుంది.

విమానం చేసేదీ ఇదే. 60 పట్టీల్లో ఒక్కోటి 6 డిగ్రీలు, 59 పట్టీల్లో ఒక్కోటి సుమారు 6.1017 డిగ్రీలు. పట్టీ పట్టీకీ ఎడం 0.1017 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. డాలస్ విమానాశ్రయం అక్షాంశం 32.9 అనుకుందాం. సరి సందేశం చెప్పేది పట్టీ అంచు నుంచి 2.9 డిగ్రీలని. బేసి సందేశం చెప్పేది 2.3915 డిగ్రీలని. రెంటి తేడా 0.5085. దాన్ని 0.1017తో భాగించండి. సరిగ్గా 5. అంటే భూమధ్యరేఖ నుంచి ఐదు పట్టీలు దాటి వచ్చింది. ఐదారులు ముప్పై, దానికి 2.9 కలిపితే 32.9. పట్టీ నంబరు రెండు సందేశాల్లో దేనిలోనూ లేదు, రెంటినీ పక్కపక్కన పెడితే పుట్టుకొచ్చింది! కాగితం తీసుకుని మీ ఊరి అక్షాంశంతో చేసి చూడండి.

శేషాలు తెలిస్తే సంఖ్యని కనుక్కోవడం మనకి పాత విద్య. 499లో రాసిన ఆర్యభటీయంలో గణితపాదం చివర ఉన్నది ఇదే, కుట్టకం. ఇలాంటి లెక్కే చైనాలో సున్ ట్జు గణిత గ్రంథంలోనూ ఉంది. లోకం దీనికి చైనా పేరే పెట్టుకుంది. కాని సున్ ట్జు ఒక్క లెక్కకి జవాబు చెప్పి ఊరుకున్నాడు. ఏ శేషాలకైనా పనికొచ్చే పద్ధతి ఇచ్చింది ఆర్యభటుడు, దాన్ని విప్పి చెప్పింది మొదటి భాస్కరుడు. గ్రహాలు ఎన్ని చుట్లు తిరిగాయో తేల్చడానికి వాళ్ళు దాన్ని వాడారు. మనం వాడేది విమానం ఎన్ని పట్టీలు దాటిందో తేల్చడానికి.

ఒక చిక్కుంది. సరి, బేసి సందేశాల మధ్య విమానం ఆగి ఉండదు. సెకనుకి 250 మీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ కదలిక 0.1017 డిగ్రీల్లో సగాన్ని, అంటే సుమారు 5.6 కిలోమీటర్లని మించితే భాగహారం పక్క నంబరుకి జారి, విమానం వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. ఆ దూరం పోవడానికి 22 సెకన్లు పడుతుంది. అందుకే 10 సెకన్లకి మించి ఎడం ఉన్న జతని వాడకూడదని నియమం పెట్టారు. రేఖాంశాలతో ఇంకో తలనొప్పి. అవి ధ్రువాల వైపు దగ్గరపడతాయి కాబట్టి పట్టీల సంఖ్య భూమధ్యరేఖ దగ్గర 59తో మొదలై ధ్రువం చేరేసరికి 1కి తగ్గుతుంది. రెండు సందేశాల మధ్యలో ఆ సంఖ్య మారితే జతని పారేయాలి.

ఇన్ని జాగ్రత్తలు రాసిపెట్టిన ప్రమాణపత్రంలోనూ లోపం దొరికింది. నాసా లాంగ్లీ కేంద్రం పరిశోధకులు ఈ లెక్కని పీవీఎస్ అనే నిరూపణ సాఫ్ట్‌వేర్‌తో మెట్టు మెట్టుగా పరీక్షించారు. అందులో పెట్టిన షరతులు చాలవని, వాటిని పాటించినా తప్పు చోటు రావచ్చని 2017లో చూపించి, ఎంత బిగిస్తే సరిపోతుందో కూడా నిరూపించారు. ఏళ్ళ తరబడి విమానాల్లో నడుస్తున్న లెక్కని ఎవరో కూర్చుని మళ్ళీ మొదట్నుంచి అడగడం నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది.

మరి దోహా నుంచి వచ్చే విమానం సంగతి? 11 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న విమానం మాట నేల మీద సుమారు 400 కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది, ఆ తర్వాత భూమి వంపు అడ్డొస్తుంది. గ్రీన్‌లాండ్ వైపో, ఉత్తర కెనడా వైపో మేడ మీద యాంటెన్నాలు ఉండవు. 2019 నుంచి ఇరిడియం ఉపగ్రహాలు 66, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఈ సందేశాల్ని వింటున్నాయి. కాని ఆ సమాచారం ప్రధానంగా విమానాల్ని నడిపించే సంస్థలకి. ఫోన్లో ఉచితంగా చూసే మ్యాప్‌లో సముద్రం మీద కదిలే బొమ్మ చాలాసార్లు చివరి వేగాన్ని బట్టి గీసిన అంచనా. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి: విమానం చెప్పేది తన జీపీఎస్ చెప్పింది. జీపీఎస్‌ని ఎవరైనా మోసం చేస్తే విమానం ఆ అబద్ధాన్నే 5 మీటర్ల కచ్చితత్వంతో ప్రకటిస్తుంది. తూర్పు మధ్యధరా మీద ఎగిరే విమానాలు ఈ మధ్య సంవత్సరాల్లో బీరూట్ విమానాశ్రయంలో ఉన్నట్టు కనిపించింది అందుకే.

చక్రాలు నేలని తాకాక విమానం మాట తీరు మారుతుంది. పట్టీలు 6 డిగ్రీల నుంచి ఒకటిన్నర డిగ్రీకి కుదించుకుపోతాయి, మెట్టు 1.25 మీటర్లకి దిగుతుంది. ఏ టాక్సీవే మీదుందో, ఏ గేటులోకి తిరుగుతోందో తెలుస్తుంది. ఇక్కడ చెల్లించే మూల్యం ఏమిటంటే సరి, బేసి రెండూ కలిపినా భూమ్మీద ఒకే చోటు తేలదు, 90 డిగ్రీల ఎడంతో నాలుగు రేఖాంశాలు జవాబుగా వస్తాయి. వినేవాడు తానెక్కడున్నాడో తనకి తెలిస్తేనే సరైనది ఎంచుకోగలడు. పైగా భవనాలు అడ్డం కాబట్టి విమానాశ్రయం పక్కనే యాంటెన్నా ఉండాలి. డాలస్ లాంటి పెద్ద చోట్ల ఉంటాయి. చిన్న ఊళ్ళలో బొమ్మ రన్‌వేకి కాస్త ముందే మాయమవుతుంది, కంగారుపడకండి.

ఇక ఆ మొదటి ప్రశ్న. యాప్‌లో 'దిగింది' అని వస్తే చక్రాలు దిగాయని అర్థం, అమ్మగారు దిగారని కాదు. ఇంత లెక్క చేసిన శాస్త్రం ఇమిగ్రేషన్ వరుస సంగతి ఏమీ చెప్పలేదు. ఆ వరుసల్లో ఏ గంటకి ఎంతసేపు పట్టిందో అమెరికా కస్టమ్స్ శాఖ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, వారం ముందటి అదే రోజు, అదే గంట చూసుకోండి. దాని మీద సామాను బెల్టు సమయం కలుపుకోండి. దోహా విమానాలు టెర్మినల్ డీకి వస్తాయి. విమానాశ్రయం మధ్యగా ఉత్తర దక్షిణాలుగా పోయే ఇంటర్నేషనల్ పార్క్‌వేకి అది పడమటి వైపు. ఆ రోడ్డుకి రెండు చివర్లా టోల్ ఉంది. ఎడమవైపు ఉన్న ఎగ్జిట్లని కుడివైపుకి మార్చే పని కూడా పెట్టుకున్నారు, కాబట్టి పాత వీడియోలు చూసి వెళ్ళకుండా బోర్డులు చదువుతూ వెళ్ళండి. టెర్మినల్ ముందు ఆగి ఎదురుచూడనివ్వరు. సెల్‌ఫోన్ లాట్‌లో కారులోనే ఉండండి. అమ్మగారి సిమ్ అక్కడ పనిచేయకపోవచ్చు. విమానాశ్రయం వైఫైకి ఎలా కలవాలో, వాట్సాప్‌లో ఎలా పిలవాలో హైదరాబాదులోనే ఒకసారి చేయించి చూపించండి. సామాను చేతికొచ్చిందని ఆవిడ చెప్పాకే కారు తీయండి.