వార్తల్లో పదం: ప్రసవానంతర కుంగుబాటు

కాన్పయిన కొత్తలో తల్లికి ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం మామూలే. సాధారణంగా రెండు వారాల్లోపే సర్దుకుంటుంది. అలా తగ్గకుండా దిగులు, నిద్రలేమి, బిడ్డను సరిగా చూసుకోలేకపోతున్నానన్న బాధ వెంటాడుతూ ఉంటే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం కాన్పయిన వారిలో సుమారు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా కుంగుబాటు ఎదురవుతోంది. వర్ధమాన దేశాల్లో ఇది దాదాపు 20 శాతం.

దీని ప్రభావం పసిపిల్లల భద్రతపైనా పడవచ్చు. స్వీడన్‌లో 1996-2011 మధ్య పుట్టిన 15 లక్షలకు పైగా పిల్లల రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2020లో వైద్య పత్రిక బీఎంజేలో వెలువడింది. తల్లికి గానీ తండ్రికి గానీ మానసిక రుగ్మత ఉన్న పిల్లలు గాయపడే ముప్పు మొదటి ఏడాదిలో సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించింది. పిల్లలు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గింది. దీనర్థం ఆ తల్లిదండ్రుల ప్రేమకు లోటని కాదు. బోర్లాపడటం నేర్చిన బిడ్డ మంచం అంచుకు చేరడానికి, పాకే బిడ్డ వేడి టీ గ్లాసు లాగడానికి క్షణం చాలు. అలసిన మనసుకు ఆ క్షణం అందకపోవచ్చు.

ప్రసవానంతర కుంగుబాటు గుర్తింపునకు 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది. గత ఏడు రోజుల మనఃస్థితిపై పది ప్రశ్నలు అడుగుతారు. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో ఈ కుంగుబాటు నయమవుతుంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బాలింతకు పథ్యం ఎంత ముఖ్యమో, ఆమె మనసెలా ఉందో అడగడమూ అంతే ముఖ్యం.