యూనిట్ 6: జెనెసిస్ బృందం – ప్రోగ్రెసివ్ రాక్ చరిత్ర, ఆకర్షణ

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ప్రోగ్రెసివ్ రాక్ ముఖ్య లక్షణాలను వివరించగలుగుతారు.
• జెనెసిస్ బృందం చరిత్రలోని దశలను గుర్తించగలుగుతారు.
• ఒక దీర్ఘగీతం శ్రోతను ఎలా పట్టి ఉంచుతుందో సోదాహరణంగా చెప్పగలుగుతారు.
• ఆ బృందం కథ పాలకొల్లు మాండలిన్ దాకా ఎలా వచ్చిందో తెలుసుకుంటారు.

6.1 పరిచయం

డోన్ చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్ళకు వీధినాటకం చూసి ఉంటే, అర్ధరాత్రి దాటినా జనం లేచిపోకపోవడం మీరు గమనించే ఉంటారు. అక్కడ కథ ఉంటుంది, వేషం ఉంటుంది, పాట ఉంటుంది, మధ్యలో హాస్యగాడి మాటలు ఉంటాయి. జనం ఒక్క పాట కోసం రారు, ఆ రాత్రి మొత్తం కోసం వస్తారు.

1970ల ఆరంభంలో ఇంగ్లండులో కొందరు యువకులు రాక్ పాటతో ఇలాంటి పనే చేయాలనుకున్నారు. అప్పటికి రేడియోలో వినిపించే పాట సాధారణంగా మూడు నిమిషాలది. దాన్ని ఇరవై నిమిషాలకు పెంచితే జనం వింటారా? ఈ ప్రశ్నకు జెనెసిస్ బృందం ఇచ్చిన సమాధానమే ఈ యూనిట్ విషయం.

6.2 ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటి?

గిటారు, బాస్, డ్రమ్ములు, బలమైన లయ రాక్ సంగీతానికి పునాది. ఈ పునాదిని వదలకుండానే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపద సంగీతం నుంచి నిర్మాణ పద్ధతులను తీసుకున్న శాఖను ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. పింక్ ఫ్లాయిడ్, యెస్, కింగ్ క్రిమ్సన్ ఈ శాఖకు చెందిన ఇతర ప్రముఖ బృందాలు.

దీని లక్షణాలు మూడు. మొదటిది, పాట అనేక ఖండాలుగా సాగడం. రెండోది, నాలుగు మాత్రల నడకకు పరిమితం కాకుండా ఏడు, తొమ్మిది మాత్రల నడకలు వాడడం. మూడోది, ఆల్బమ్ మొత్తాన్ని ఒకే కృతిగా భావించడం. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఎల్.పి. రికార్డు ఇందుకు అవకాశం కల్పించింది.

6.3 జెనెసిస్: తొలి దశ (1967–1975)

సర్రే ప్రాంతంలోని చార్టర్‌హౌస్ పాఠశాల విద్యార్థులు 1967లో ఈ బృందాన్ని ప్రారంభించారు. వారిలో ముఖ్యులు గాయకుడు పీటర్ గేబ్రియల్, కీబోర్డు వాయించే టోనీ బ్యాంక్స్, బాస్, గిటారు వాయించే మైక్ రూథర్‌ఫర్డ్, గిటారిస్టు ఆంథొనీ ఫిలిప్స్. 1969లో వచ్చిన తొలి ఆల్బమ్ పేరులో బైబిలు గ్రంథాల పేర్లు ఉండడంతో, కొన్ని దుకాణాలు దాన్ని మతసంబంధ రికార్డుల మధ్య పెట్టాయి. అది అమ్ముడుపోలేదు.

వేదికంటే భయం వల్ల ఫిలిప్స్ 1970లో తప్పుకున్నాడు. అదే ఏడాది డ్రమ్ములకు ఫిల్ కాలిన్స్, మరుసటి ఏడాది గిటారుకు స్టీవ్ హ్యాకెట్ వచ్చారు. ఈ అయిదుగురు చేసిన ‘ఫాక్స్‌ట్రాట్’ (1972), ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ (1973), ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ (1974) ఆల్బమ్‌లను ఈ శాఖలో ప్రామాణికంగా భావిస్తారు. చివరిది రెండు రికార్డుల కథ. దాని నాయకుడు న్యూయార్కు వీధుల్లో తిరిగే రేయల్ అనే యువకుడు.

6.4 ఆకర్షణకు కారణాలు

(అ) వేషం, కథనం: పన్నెండు తీగల గిటార్లను శ్రుతి చేసుకోవడానికి సమయం పడుతుంది. ఆ ఖాళీలో గేబ్రియల్ వింత కథలు చెప్పేవాడు. 1972లో డబ్లిన్ వేదిక మీద ఎర్ర గౌను, నక్క తల ధరించి వచ్చాడు. తోటివారికి కూడా ముందు చెప్పలేదు. ఆ వేషం బృందాన్ని పత్రికల్లోకి ఎక్కించింది.

(ఆ) నాదం: మెలోట్రాన్ అనే కీబోర్డులో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు మీద ముందే రికార్డు చేసిన వయొలిన్ల ధ్వని వినిపిస్తుంది. అయిదుగురు ఉన్న వేదిక మీద పెద్ద వాద్యబృందం ఉన్న భావన కలగడానికి ఇది తోడ్పడింది.

(ఇ) నిర్మాణం: ‘ఫాక్స్‌ట్రాట్’లోని ‘సపర్స్ రెడీ’ దాదాపు 23 నిమిషాల గీతం. ఇందులో ఏడు ఖండాలున్నాయి. ఒక గదిలో ఇద్దరు ప్రేమికుల మధ్య మొదలై, యుద్ధం, హాస్యం, ప్రళయం మీదుగా సాగుతుంది. ఆరో ఖండంలో తొమ్మిది మాత్రల నడక వస్తుంది. దాన్ని మన లెక్కలో ‘తకిట – తక – తకధిమి’ అని చెప్పుకోవచ్చు. బాస్ కొద్ది స్వరాల మీదే నిలబడి ఉండగా, ఆర్గన్ ఆ నడకకు ఎదురీదుతూ పోతుంది. వినేవారికి కాలి కింద నేల కదిలినట్టుంటుంది. ఆ తరవాత మొదటి ఖండంలోని వరుస తిరిగి వస్తుంది. స్వరాలు అవే అయినా, ఇంత దూరం వచ్చాక విన్నప్పుడు వాటి బరువు వేరు. తిరిగొచ్చే పల్లవికి బలం మధ్యలో నడిచిన దూరం నుంచే వస్తుంది. దీర్ఘగీతం ఆకర్షణలోని కీలకం ఇదే.

అభ్యాసం: డోన్ నుంచి కర్నూలుకు రైల్లో వెళ్ళేటప్పుడు ఈ గీతాన్ని ఆపకుండా ఒకసారి వినండి. మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. నడక మారిన చోట్లు, మొదటి వరుస తిరిగి వచ్చిన చోటు నోటు పుస్తకంలో రాసుకోండి.

6.5 రెండో దశ: మార్పా, లోపమా?

1975లో గేబ్రియల్ బృందాన్ని వదిలాడు. ఎందరో గాయకులను పరీక్షించి చూసిన తరవాత, చివరికి డ్రమ్మరు కాలిన్స్ పాడడం మొదలుపెట్టాడు. 1977లో హ్యాకెట్ కూడా వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురి పాటలు క్రమంగా పొట్టివయ్యాయి. 1986లో ‘ఇన్విజిబుల్ టచ్’ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

పాత శ్రోతలు కొందరు దీన్ని రాజీ అన్నారు. అయితే ఆ ముగ్గురూ పొడవైన గీతాలను పూర్తిగా మానలేదు, పొట్టి పాట రాయడం తేలిక పనీ కాదు. నిడివి నాణ్యతకు కొలత కాదని గుర్తుంచుకుంటూనే, పొట్టి పాటలో దొరకనిదేమిటో కూడా మీరు చెప్పగలగాలి.

6.6 అప్పు తీర్చిన కచేరీ – పాలకొల్లు మాండలిన్

ప్రపంచ దేశాల సంగీతాన్ని ఒకే వేదిక మీద వినిపించాలని గేబ్రియల్, అతని మిత్రులు ‘వోమాడ్’ ఉత్సవాన్ని తలపెట్టారు. 1982లో జరిగిన తొలి ఉత్సవం భారీ అప్పు మిగిల్చింది. ఏడేళ్ళ కిందట విడిపోయిన పాత సహచరులు అప్పుడు ముందుకొచ్చారు. 1982 అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో గేబ్రియల్‌తో కలిసి జెనెసిస్ కచేరీ చేసింది. ఆ రాబడి ఉత్సవం నిలబడడానికి ఉపయోగపడింది.

వోమాడ్ నిలబడింది. దానితో కలిసి గేబ్రియల్ 1989లో ‘రియల్ వరల్డ్’ రికార్డుల సంస్థను స్థాపించాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ ఆల్బమ్‌లు రెండు ఈ సంస్థ నుంచే వచ్చాయి: ‘రామ శ్రీరామ’ (1994), కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ (1995).

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శ్రీనివాస్‌కు గుర్తింపు ఇచ్చింది ఆ సంస్థ కాదు. బాల్యంలోనే కచేరీలు చేసి, గమకాలకు అనువుగా అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను వాడి, కర్ణాటక సంగీతంలో ఆ వాద్యానికి స్థానం సంపాదించినవాడు ఆయనే. ఆయన సంగీతం మరో శ్రోతకు చేరడానికి ఆ సంస్థ ఒక దారి అయింది. ఆ దారి మూసుకుపోకుండా కాపాడినవాటిలో ఒక రాక్ బృందపు కచేరీ ఉందన్నది మనం గుర్తించవలసిన విషయం.

6.7 సారాంశం

పాఠశాల మిత్రుల బృందంగా మొదలైన జెనెసిస్, రాక్ పాటకు కథనం, వేషం, ఖండ నిర్మాణం జోడించింది. సభ్యులు మారినప్పుడు సంగీతమూ మారింది. చివరి కచేరీ 2022 మార్చి 26న లండన్‌లో జరిగింది. తెల్లవార్లూ నాటకం చూసిన ఓపిక మనకు కొత్త కాదు. అదే ఓపికతో వింటే, భాష తెలియని దీర్ఘగీతం కూడా మనకు అందుతుంది.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి

1. ప్రోగ్రెసివ్ రాక్ లక్షణాలు మూడింటిని పేర్కొనండి.
2. ‘సపర్స్ రెడీ’లో మొదటి వరుస తిరిగి రావడం శ్రోత మీద ఎలాంటి ప్రభావం చూపుతుంది?
3. మీ ప్రాంతంలోని ఏదైనా ఒక దీర్ఘ ప్రదర్శన కళను జెనెసిస్ తొలి దశ ప్రదర్శనలతో పోల్చి, పోలికలతోపాటు తేడాలను కూడా రాయండి.