గల్లిపోలి వాగు

గల్లిపోలి ద్వీపకల్పపు కొసన, హెల్లెస్ అగ్రమునకు ఉత్తరముగా, ఏజియన్ సముద్రమున గలియు వాగొకటి కలదు. టర్కులు దానిని జిగిన్‌దెరె యందురు. ఆంగ్లేయులు గల్లీ రవైన్ అనిరి. తీరమునకు సమీపముననే, ఇంచుమించు దానితో సమముగా, ఎత్తైన గట్ల నడుమ అది చాల దూరము లోనికి పోవును. 1915లో దాని ముఖమందలి చిన్నరేవునుండి నీరు, ఆహారము, మందుగుండు ఆ దారినే పైకి పోయెడివి. గాయపడినవారు ఆ దారినే క్రిందికి వచ్చెడివారు. పైభాగము మాత్రము టర్కుల చేతనుండెను.

ఏప్రిల్ 25వ తేదీన దీనికి ఉత్తరమున వై రేవులో దిగిన బ్రిటిషు సేనను ఎదిరించినవారు లేరు. ముందుకు సాగుమను స్పష్టమైన యుత్తరువును లేదు! మరునాడు వారు ఓడలెక్కి మరలిరి. విడిచిపోయిన యా గట్టును మే 12న 6వ గూర్ఖా పటాలము ప్రాకి పట్టుకొనవలసివచ్చెను.

జూన్ 4న 14వ సిక్కు పటాలము వాగువెంబడి సాగెను. ముండ్లతీగ తెగియుండలేదు, మరతుపాకులు గట్లమీదనుండి కాల్చుచుండెను. ఐదువందలకు మించిన సిపాయిలలో సుమారు నాల్గింట మూడువంతులు పడిరి. ప్రధానసేనాని హామిల్టను వారిని మిక్కిలి కొనియాడెను. పంజాబు సేద్యగానికి ఆ వాగుతో గల పని యేమో ఆ ప్రశంసలలో వెదకిన దొరకదు.

జూన్ 28న మరల దాడి జరిగెను. సముద్రపు ప్రక్క ఓడల ఫిరంగుల సాయముతో కందకములు చిక్కెను. ఆవలిగట్టున ఫిరంగులు చాలక స్కాచి బ్రిగేడు ఇంచుమించు సగము నశించెను. జూలై 5 వరకు టర్కులు వెనుకకు నెట్టజూచి, 14,000 మందికి పైగా హతులును క్షతగాత్రులునై నష్టపడిరని అంచనా. శవములను పూడ్చుటకు వారు విరామము కోరగా బ్రిటిషువారు నిరాకరించిరి. శవములు పడియున్నచో టర్కులు వానిపైనుండి దాడికి రారని తలంచిరట! మే 24న ఆన్జాక్ వద్ద అట్టి విరామమునకే వారు సమ్మతించియుండిరి. 1906 నాటి జెనీవా ఒడంబడిక, రణరంగము ఎవరి స్వాధీనమున నుండునో ఆ పక్షమే క్షతగాత్రులను వెదకింపవలెననియు, మృతులను కాపాడవలెననియు విధించెను. రెండు కందకముల నడిమి నేల ఎవరి స్వాధీనమున నున్నట్లు? ఒడంబడిక వ్రాసిన పండితులకు ఈ చిక్కు తోచినట్లు లేదు.

1916 జనవరి 8వ తేదీ రాత్రి ఆ రేవును విడిచిపోవుచుండగా పడవ యొకటి మెట్టదాకెను. సేనాని మాడ్, కొందరు సైనికులు మరల ఒడ్డునకు దిగి, చీకటిలో మరియొక రేవునకు నడచి తప్పించుకొనిరి. మరుసంవత్సరము మార్చిలో ఆ మాడ్ దొరయే బాగ్దాదు పట్టుకొనెను. ఆ సేనలో భారతీయులనేకులు.