బొమ్మ మీదే, హక్కు ఎవరిది?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మనలో చాలామందికి బొమ్మలు వేసే చెయ్యి ఉంది. పెళ్ళిపీటల మీద చిలకలు, పేరంటం పిలుపు మీద కలశం, పిల్లల బడి చార్టులు అన్నీ మన చేతిమీదుగానే పోతాయి. "ఎంత బాగా వేశావు వదినా!" అంటారు. అక్కడితో సరి. ఆ బొమ్మతో నాలుగు డబ్బులు సంపాదించే మార్గం ఏమిటో ఇవాళ చెప్పుకుందాం.

ముందు నా సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా ఉట్నూరుకు ఒక ప్రెస్సాయన వచ్చి, కేలెండరుకని నెమలి బొమ్మ వేసిమ్మన్నాడు. వంటా వార్పూ అయ్యాక మూడు మధ్యాహ్నాలు కూర్చుని వేశాను. అయిదువందలు చేతిలో పెట్టాడు. పొంగిపోయాను. మరుసటి ఏడు అదే నెమలి మిఠాయి డబ్బా మీద కనిపించింది. ఆపై ఏడు నోటుపుస్తకం అట్ట మీద. నా పేరు ఎక్కడా లేదు. వెళ్ళి అడిగితే, "బొమ్మకు పైసలిచ్చినం గద అక్కా, ఇంకేమున్నది?" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత తెలిసినవాళ్ళను అడిగి, చట్టం చదివించుకుంటే ఒక సంగతి బోధపడింది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తమకోసం వేయించుకున్న పెయింటింగుకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవారే! నేను ఒక్క వాక్యం రాయించుకుని ఉంటే కథ వేరుగా ఉండేది. నా అమాయకత్వానికి కట్టిన సుంకం అది. మీరు కట్టకూడదనే ఈ ప్రసంగం.

అసలు సంగతి చాలా తేలిక. ఇల్లు అమ్మడం వేరు, అద్దెకివ్వడం వేరు కదా! బొమ్మా అంతే. హక్కంతా రాసిచ్చేస్తే అమ్మినట్లు. "ఈ బొమ్మను ఈ ఏడాది కేలెండరు మీద మాత్రం వేసుకోండి" అని అనుమతిస్తే అద్దెకిచ్చినట్లు. దీన్నే లైసెన్సు ఇవ్వడం అంటారు. కేలెండరుకు ఒకరికి, శుభాకాంక్షల కార్డుకు ఇంకొకరికి, పుస్తకం అట్టకు మరొకరికి అదే బొమ్మను ఇవ్వవచ్చు. ఇల్లు మనదే, అద్దెలు వేరు వేరు.

ఇది కొత్త ముచ్చటేమీ కాదు. మన దేవుడి గదుల్లోని లక్ష్మీ సరస్వతుల పటాలు చాలావాటికి మూలం రాజా రవివర్మ బొమ్మలే. ఆయన 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టించాడు. రాజుగారి గోడ మీది ఒక్క పటం వేల ఇళ్ళకు చేరింది. చేయి ఒకసారే వేసింది. బొమ్మ మాత్రం తిరుగుతూనే ఉంది.

దగ్గరి ఉదాహరణ కావాలా? మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ లండనులో ఒక భారతీయ హోటలు గోడల మీద బొమ్మలు వేయడానికి వెళ్ళాడు. గోడ మీది బొమ్మ గోడ మీదే ఉంటుంది. కాని ఆ ప్రయాణంలో చూసినవన్నీ తన గోండు తీరులో వేస్తే, మద్రాసులోని తారా బుక్స్ వారు 2004లో "ది లండన్ జంగిల్ బుక్" అని పుస్తకంగా తెచ్చారు. పుస్తకంలోని బొమ్మకు కాళ్ళు వచ్చాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

ఇక మనం ఎలా మొదలుపెట్టాలి?

మొదటిది, బొమ్మ మన సొంతమై ఉండాలి. మరొకరి కేలెండరు చూసి దించినదీ, సినిమా ఫోటో చూసి వేసినదీ పనికిరాదు. మా వైపు దండారి పండుగకు గుస్సాడీలు నెమలి ఈకల కిరీటాలు పెట్టుకుంటారు. ఆ వేషం ఏ ఒక్కరిదీ కాదు, ఆ జాతి మొత్తానిది. మీరు చూసి, మీ తీరులో వేసిన బొమ్మ మీదే. అయినా పూజకు సంబంధించినవాటిని మిఠాయి డబ్బాకు ఎక్కించేముందు వాళ్ళ పెద్దలను ఒక మాట అడగడం మర్యాద. అలాగే నిర్మల్ బొమ్మలకూ, ఆదిలాబాద్ డోక్రా పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు అక్కడి పనివారి ఉమ్మడి సొత్తు. ఇంట్లో చేసిన బొమ్మకు మనం తగిలించుకోరాదు.

రెండవది, ఒక్క బొమ్మతో వెళ్ళకండి. ఒకే ముచ్చట మీద పది పన్నెండు వేయండి. పన్నెండు నెలల పూలో, సంక్రాంతి నుంచి దీపావళి దాకా పండుగలో. కేలెండరువారికి పన్నెండు కావాలి, కార్డులవారికి జత కావాలి. అక్షరాలకు కాస్త జాగా వదలండి. కొత్త సంవత్సరం కేలెండర్ల పని దసరాకు ముందే నడుస్తుంది. మీరు వేసవిలోనే వెళ్ళాలి.

మూడవది, అసలు బొమ్మలు చేతికివ్వకండి. చిన్న నకళ్ళు చూపండి. ప్రతిదాని మీదా మీ పేరు, తేదీ వేయండి. బొమ్మ వేయగానే హక్కు దానంతటదే వస్తుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేయిస్తే తగాదాలో సాక్ష్యంగా నిలుస్తుంది. మామూలు చిత్రానికి రుసుము 500 రూపాయలు. చీరెలు, దుప్పట్ల వంటివాటికోసమే చేసిన డిజైనైతే 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద ముందే నమోదు చేయించాలి. అలా చేయించని డిజైనును యంత్రం మీద యాభైకి మించి వస్తువులకు అచ్చేస్తే, దానిపై కాపీరైట్ పోతుంది.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కాగితం. ఏ వస్తువు మీద, ఎన్ని ప్రతులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత డబ్బు, పేరు ఎక్కడ వేస్తారు, మనకు ఎన్ని ప్రతులిస్తారు - ఈ ఏడూ రాయించుకోండి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్ళుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే దేశమంతా అని అర్థం. డబ్బు ఒకేసారి తీసుకోవచ్చు, అమ్మకంలో వంతుగానూ తీసుకోవచ్చు. దాన్ని రాయల్టీ అంటారు. ఉదాహరణకు యాభై రూపాయల కేలెండర్లు రెండువేలు అమ్ముడైతే మొత్తం లక్ష. నూటికి అయిదు చొప్పున మీకు అయిదువేలు.

"సర్వహక్కులూ శాశ్వతంగా" అనే మాట కనిపిస్తే కలం కింద పెట్టండి. ఒకవేళ ఇచ్చేసినా, బొమ్మ వేసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద మీకు ఉంటుంది. కాని ఆ హక్కు అన్నం పెట్టదు కదా!

మొన్న మా పక్కింటి పిల్ల కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. "పెద్దమ్మా, సంతకం పెట్టమంటున్నరు, పెట్టాల్నా?" అంది. ఇద్దరం కూర్చుని చదివాం. అదే మాట! కొట్టేసి, "ఒక ఏడాది, నోటుపుస్తకాల మీద మాత్రమే" అని రాసి పంపాను. వాళ్ళు రెండు రోజులు గునిశారు. మూడోనాడు ఒప్పుకున్నారు. డబ్బు నాకిచ్చినంతే. కాని బొమ్మ ఆ పిల్లదగ్గరే ఉంది. వచ్చే ఏడు దాన్ని మళ్ళీ అద్దెకివ్వవచ్చు.

నా నెమలి ఎగిరిపోయింది. మీ చిలకలను జాగ్రత్తగా చూసుకోండమ్మా. సెలవు.