కొత్త టీవీని సినిమావాళ్ల కళ్లతో చూద్దాం!

షోరూమ్‌లో వరసగా టీవీలు. అన్నింట్లోనూ అవే రంగురంగుల చిలకలు, అవే పండ్లు, అవే సముద్రపు అలలు. 'నాన్నా... అదే తీసుకుందాం' అంటూ అన్నింటికన్నా ధగధగలాడుతున్న టీవీ ముందు నిలబడతాడు పిల్లాడు. అమ్మ మాత్రం ముందు ధర చూస్తుంది. 'వార్తలొస్తే చాలురా' అంటాడు తాతయ్య. ఈలోగా సేల్స్‌మన్ వచ్చి 4కె, హెచ్‌డీఆర్, క్యూలెడ్, నూట ఇరవై హెర్ట్జ్... అని ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తాడు. చివరికి ఆ ధగధగే గెలుస్తుంది!

ఇంటికి తెచ్చి, రాత్రి లైట్లు ఆపి సినిమా పెడితే... నాయిక ముఖం నీలం రంగులో ఉంటుంది. తెల్లచొక్కా మీద మడతలే కనిపించవు. థియేటర్లో అంత బాగున్న సినిమా ఇంట్లో సీరియల్‌లా ఉందేమిటని అందరికీ అనుమానం. తప్పు సినిమాది కాదు. చాలాసార్లు టీవీదీ కాదు. మనం ఎంచుకున్న పద్ధతిది! అదెలాగో తెలియాలంటే ఓసారి ఫిల్మ్‌నగర్‌ దాకా వెళ్లిరావాలి.

చీకటి గదిలో రంగులు

అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ని ప్రారంభించారు. ఆ తర్వాత రామానాయుడు, పద్మాలయా స్టూడియోలు... ఇలా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ పరిసరాలు తెలుగు సినిమాకి చిరునామా అయ్యాయి. షూటింగు అందరికీ తెలిసిందే. కానీ సినిమాకి అసలు రంగు పట్టేది కిటికీలు లేని చీకటి గదిలో. పరిశ్రమలో దాన్నే 'డీఐ' అంటారు. ఛాయాగ్రాహకుడూ కలరిస్టూ పక్కపక్కన కూర్చుని ఒక్కో షాటునీ సరిచేస్తారు. ముఖం ఇంత పచ్చగా ఉండాలి, వెన్నెల ఇంత నీలంగా ఉండాలి, చీకట్లో విలన్ కళ్లు మాత్రమే మెరవాలి... ఇలా అన్నీ అక్కడే తేలతాయి.

ఆ గదిలో తెర ఎంత వెలుగుతో ఉంటుందో తెలుసా? మామూలు హెచ్‌డీ వీడియోకి ప్రమాణం 100 నిట్లు. థియేటర్ తెరకైతే 48 నిట్లే! షోరూమ్‌లో టీవీలు దానికి కొన్ని రెట్లు ఎక్కువగా వెలుగుతుంటాయి. ట్యూబ్‌లైట్ల కాంతిలో కొట్టొచ్చినట్టు కనపడాలని వాటిని 'వివిడ్' మోడ్‌లో పెడతారు మరి. అందులో తెలుపు కాస్తా నీలానికి తిరుగుతుంది. కాబట్టి మంచి టీవీ అంటే కళ్లు జిగేల్‌మనిపించేది కాదు, ఆ చీకటి గదిలో తేల్చిన రంగుల్ని చెడగొట్టకుండా చూపించేది.

అందుకే బేరం మొదలుపెట్టే ముందు సేల్స్‌మన్‌ని ఒక్కటి అడగండి. 'వివిడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి' అనండి. 2019లో టీవీ కంపెనీలూ హాలీవుడ్ స్టూడియోలూ కలిసి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని ఒకటి తెచ్చాయి. అది ఉంటే మరీ మంచిది. ఆ తర్వాత మీకు బాగా తెలిసిన తెలుగు సినిమా ఒకటి పెట్టించి మూడు చూడండి. ముఖాల రంగు సహజంగా ఉందా? తెల్లబట్టల మీద మడతలు కనిపిస్తున్నాయా? రాత్రి సన్నివేశంలో నలుపు నల్లగానే ఉందా, బూడిద రంగులోకి మారిందా? చిలకలూ పండ్లూ ఏ టీవీలోనైనా బాగానే ఉంటాయి!

సీరియల్‌లా ఎందుకుంది?

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములుంటాయి. చాలా టీవీలు వాటి మధ్య తామే కొత్త ఫ్రేముల్ని కల్పించి చేర్చేస్తాయి. దాంతో కదలికలు మరీ నున్నగా మారి సినిమా కళ పోతుంది. దీన్ని ఆపేయమని 2018లో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ ప్రత్యేకంగా వీడియో చేసి మరీ ప్రేక్షకులను కోరాడు. సెట్టింగుల్లో 'మోషన్' అనో 'స్మూత్' అనో ఉంటుంది. క్రికెట్‌కి కావాలంటే ఉంచుకోండి, సినిమాకి మాత్రం ఆపేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడున్న టీవీకే ఈ రాత్రే చేసి చూడొచ్చు.

పావు తెర ఖాళీ

1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా వచ్చింది. అప్పట్నుంచీ మన సినిమాలకి వెడల్పు మీద మోజు. సినిమాస్కోప్‌లో వెడల్పు, ఎత్తుకి దాదాపు 2.4 రెట్లు. మన టీవీది 1.78 రెట్లే. అందుకే పైనా కిందా నల్లపట్టీలొస్తాయి. 55 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 27 అంగుళాలైతే, స్కోప్ సినిమా బొమ్మ వచ్చేది 20 అంగుళాల్లోనే. అంటే పావు తెర ఖాళీ! 1957 నాటి నలుపు తెలుపు 'మాయాబజార్' పెడితే పట్టీలు పక్కలకి వస్తాయి. టీవీ పాడైందనుకుని జూమ్ చేయకండి. అంచుల్లో ఉన్నవాళ్లు తెర బయటికి వెళ్లిపోతారు.

ఇంతకీ ఎంత టీవీ కొనాలి? ముందు సోఫాకీ గోడకీ మధ్య దూరం టేపుతో కొలవండి. టీవీ అంగుళాల్ని 1.6తో గుణిస్తే సినిమా హాయిగా చూసే దూరం అంగుళాల్లో వస్తుంది. 43 అంగుళాల టీవీకి దాదాపు ఆరడుగులు, 55కి ఏడుంబావు, 65కి ఎనిమిదిన్నర పైచిలుకు. పెట్టే ఎత్తు కూడా ముఖ్యమే. కూర్చున్నప్పుడు కళ్లకి ఎదురుగా తెర మధ్యభాగం ఉండాలి. గోడ మీద పైన ఎక్కడో బిగిస్తే మూడు గంటల సినిమాకి మెడనొప్పి ఖాయం.

4కె... లోపలికొచ్చేది ఎంత?

ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, దాదాపు 20.7 లక్షల చుక్కలు. 4కె అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షలు. వినడానికి నాలుగింతలే! కానీ డిష్ ద్వారా వచ్చే హెచ్‌డీ ఛానళ్లది 1080 గీతలే. ఓటీటీలో 4కె కావాలంటే నెట్‌ఫ్లిక్స్ లాంటి వాటిలో ఖరీదైన ప్లానే తీసుకోవాలి, ఇంటర్నెట్ వేగం కనీసం 15 ఎంబీపీఎస్ ఉండాలి. మామూలు ఛానళ్లు ఎక్కువగా చూసే ఇంట్లో, ఉన్న బొమ్మని పెద్ద తెరకి టీవీ ఎంత బాగా సర్దుతుందన్నదే అసలు పరీక్ష. అందుకే షోరూమ్‌లో ఒక మామూలు ఛానల్ కూడా పెట్టించి చూడండి. అలాగని 4కె వృథా ఏమీ కాదు. 2006 నాటి 'పోకిరి' 2022లో 4కెలో మళ్లీ థియేటర్లకొచ్చింది. పాత ఫిల్ములో దాగి ఉన్న వివరాల్ని ఇలా మళ్లీ బయటికి తీస్తున్నారు.

తాతయ్య వార్తలు... ఓలెడ్ తంటా

మామూలు ఎల్‌ఈడీ టీవీలో వెనక దీపాలు వెలుగుతుంటే ముందు బొమ్మ కనిపిస్తుంది. క్యూలెడ్ కూడా అంతే, రంగులు మెరుగుపరిచే పొర ఒకటి అదనం. మినీ ఎల్‌ఈడీలో చిన్న చిన్న దీపాలు చాలా ఉంటాయి, అవసరమైన చోటే వెలుగుతాయి. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తానే దీపం. ఆరిపోతే అచ్చమైన నలుపు! రాత్రిపూట సినిమాకి దానికి సాటి లేదు. ఓ చిక్కుంది... రోజంతా ఒకే ఛానల్ లోగో, ఒకే స్క్రోలింగ్ పట్టీ కనిపిస్తుంటే కొన్నాళ్లకి వాటి మచ్చ తెర మీద మిగిలే ప్రమాదం ఉంది. పొద్దున్నుంచి రాత్రిదాకా వార్తలు నడిచే ఇంటికి, ఎండ పడే హాలుకి ఎల్‌ఈడీ రకాలే మేలు.

ఇక ధ్వని. టీవీలు పలచబడే కొద్దీ స్పీకర్లకి చోటు తగ్గింది. అందుకే సంగీతం హోరులో మాటలు వినపడవు. మొత్తం డబ్బంతా తెరకే పెట్టకుండా ఓ సౌండ్‌బార్‌కి కొంత మిగుల్చుకోండి. దాన్ని కలపడానికి టీవీ వెనక 'ఈఆర్క్' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ ఉందో లేదో చూసుకోండి.

ఆ డబ్బు ఎక్కడినుంచి అంటారా? 2025 సెప్టెంబరు 22 నుంచి, 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 50 వేలుండే టీవీ అంతకుముందు 64 వేలైతే, ఈ లెక్కన 59 వేలు. మిగిలిన అయిదు వేలు సౌండ్‌బార్‌కి! బిల్లు కట్టేముందు కరెంటు పొదుపు చెప్పే నక్షత్రాలు, ప్యానెల్‌కి వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా అన్నవీ అడగండి.

టీవీ ఏటా కొనే వస్తువు కాదు. ఒకసారి హాల్లోకి వస్తే పిల్లాడు పదో తరగతి దాటేదాకా అదే! కాబట్టి అరగంట ఎక్కువసేపు నిలబడి చూసినా ఫర్వాలేదు. తర్వాత ఇంట్లో దీపాలు తగ్గించి, సినిమా మోడ్ పెట్టి 'మాయాబజార్' వేయండి. 'వార్తలొస్తే చాలు' అన్న తాతయ్య ఆ రాత్రి రిమోట్ అడగకపోతే... మీరు కొన్నది మంచి టీవీయే!