బంతి క్రింది నేల

నాట్యమునకు రంగస్థలము ఎట్టిదో, బంతియాటకు నేల అట్టిది. ప్రేక్షకుడు ఆటగాని కాలిని చూచును, బంతిని చూచును. ఆ రెంటికిని ఆధారమైన నేలను మాత్రము చూడడు. అయినను ఆట ఎచ్చట జరుగవలెనో, ఎట్లు జరుగవలెనో నిర్ణయించునది పెక్కు పర్యాయములు ఆ నేలయే. ఈ సత్యమునకు హైదరాబాదు చక్కని నిదర్శనము.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప, నగరమునకు పడమటనున్న రాతిగుట్టల సీమ హైటెక్ సిటీగా మారసాగినది. దానికి చేరువనే, గచ్చిబౌలిలో, 2002 డిసెంబరు నాటి జాతీయ క్రీడల కొరకు ఒక విశాలమైన ప్రాంగణము వెలసినది. ఆ ఏడు మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టినారు. అందు సుమారు 30,000 మంది కూర్చుండవచ్చును. పరుగుపందెములను కూడ ఉద్దేశించి కట్టినది కావున పచ్చికచుట్టును పరుగుబాట కలదు. ఆ బాట వెడల్పు ఎంతయో, ఫుట్‌బాల్ చూడవచ్చినవాడు బంతికి అంత దూరమగును. అన్ని ఆటలకును పనికివచ్చు చోటు ఏ ఒక్క ఆటకును పూర్తిగా ఒదుగదు.

2008 ఆగస్టులో ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్ పోటీలు హైదరాబాదులో జరిగినవి. వానలు కురిసి మైదానములు చిత్తడియైనవి. తుదిపోటీని ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియమునకు తరలించినారు. ఆగస్టు 13వ తేదీన అచ్చట భారతజట్టు తజికిస్తాన్‌ను 4-1 గోల్సుతో ఓడించినది. సునీల్ ఛెత్రీ ఒక్కడే మూడు గోల్సు చేసినాడు. ఆ విజయమువలననే భారతదేశము 1984 తరువాత మరల 2011లో ఆసియా కప్‌లో ఆడగలిగినది. ఆ శుభదృశ్యమును హైదరాబాదు చూడలేకపోయినది. ఎంతటి కట్టడమున్నను, నీరు ఇంకనిచో నేల పనికిరాదు. మంచి మైదానమున పచ్చికకు అడుగున ఇసుకపొర, దాని క్రింద నీరు పోవు గొట్టములు, పైన కంటికి కనబడని వాలు ఉండవలెను. ఇవి లేనిచోట బంకమన్ను నీటిని పట్టియుంచును, వేళ్లకు గాలి అందదు, గడ్డి కుళ్లును.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. సంపన్నమైన అమెరికాలోను ఇది మరియొక రూపమున ఎదురైనది. 1965లో హ్యూస్టన్ నగరమున బేస్‌బాల్ కొరకు పైకప్పుగల ఆస్ట్రోడోమ్‌ను కట్టినారు. కప్పులోని పారదర్శకమైన పలకల మిరుమిట్లకు ఆటగాండ్రకు బంతి కనబడలేదు. పలకలకు రంగు పూసినారు. వెలుతురు లేక గడ్డి చచ్చినది. మరుసటి ఏడు కృత్రిమపు పచ్చిక పరచినారు. 1996లో ఆరంభమైన మేజర్ లీగ్ సాకర్‌లో తొలుత పెక్కు జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ కొరకు కట్టిన మహాప్రాంగణములలోనే ఆడినవి. కొలంబస్ జట్టు 1999లో తనకై ప్రత్యేకముగా మైదానము కట్టించుకొని ఇతరులకు దారి చూపినది. సియాటిల్, అట్లాంటా జట్లు మాత్రము పరుల ఆటతో ఇల్లు పంచుకొని కృత్రిమపు పచ్చికపైననే ఆడుచు వచ్చినవి.

కృత్రిమపు పచ్చిక వానకు బురదకాదు, ఎంత త్రొక్కినను అరుగుట తక్కువ. కాని ఎండకు మిక్కిలి వేడెక్కును. జారిపడిన ఆటగాని చర్మమును గీరును. 2015లో కెనడాలో మహిళల ప్రపంచ కప్ పోటీలన్నియు దానిపై జరుపబూనగా, అంతకు ముందటి ఏడే పలువురు క్రీడాకారిణులు న్యాయము కోరినారు. అయినను పోటీలు దానిపైననే జరిగినవి. పురుషుల పోటీలకు ఆ ప్రసక్తి రాలేదు: 1994లో డెట్రాయిట్ చేరువనున్న పాంటియాక్‌లో కప్పు క్రిందికి సైతము సహజమైన పచ్చికనే తెచ్చి పరచినారు. ఏ నేల ఎవరికి దక్కుననునది న్యాయమునకు సంబంధించిన ప్రశ్న కూడ.

హైదరాబాదునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో మన ఆటగాండ్రు పెక్కుమంది వట్టికాళ్లతో ఆ చలిదేశపు నేలపై ఆడి, యుగోస్లావియా చేతిలో 1-10 గోల్సుతో ఓడినారు. ఆ పిదప బూట్లు తప్పనిసరియైనవి. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్ గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతదేశము 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది.

2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. గచ్చిబౌలిని తన ఇల్లు చేసికొన్నది. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ కప్ గెలిచినది. కాని కోవిడ్ కారణముగా ఆ ఏటి పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. 2025లో ఆ సంస్థ ఢిల్లీకి తరలి, పేరు మార్చుకొన్నది. దానికి పచ్చికను నిందింప పనిలేదు. జట్లు వచ్చును, పోవును. నేల మాత్రము ఎచ్చటికిని పోదు.

అందుచేత మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ నేలపై ఇక ఎవరు ఆడవలెను? అద్దాల మేడల నడుమ గజము నేల దొరకుట కష్టమైన చోట, అంతటి పచ్చిక ఉత్సవముల కొరకే తాళము వేసికొని ఉండరాదు. రహీం వంటి ఉపాధ్యాయునికి కావలసినది ముప్పదివేల ఆసనములు కాదు; సాయంకాలము బడి విడిచిన పిల్లల కొరకు తెరచియున్న ఒక గేటు, వానకు నిలువని ఒక నేల.