గురుగ్రహపు అయిదవ చంద్రుడు

కృష్ణాతీరవాసులకు గురుగ్రహాన్ని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. గురుడు కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరాలు వస్తవి. 2016 లో వచ్చినవి. మరల 2028 లో రావలసి ఉన్నవి. సూర్యుని చుట్టూ ఒకమారు తిరిగిరావడానికి ఆ గ్రహానికి పన్నెండేండ్లకు కొంచెం తక్కువ కాలం పడుతుంది. మన పుష్కరాల లెక్కకు ఆధారం అదే. ఆ గురుని చుట్టూ, మిక్కిలి చేరువగా, పన్నెండు గంటలకు మూడు నిమిషాలు తక్కువలోనే ఒక ప్రదక్షిణం ముగించే చిన్న చంద్రుడొకడున్నాడు. పేరు అమాల్థియా. గ్రీకు గాథలలో శిశువైన జ్యూస్ దేవునికి పాలిచ్చి పెంచిన మేక పేరది.

ఈ చంద్రుని సంగతి నేను శ్రద్ధగా విచారించడానికి కారణం మా మేనల్లుడు. మొన్న శీతకాలంలో తిరువూరు దాపున ఉన్న ఎ.కొండూరులో మా అక్కగారింటికి వెళ్ళాను. పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుని, "మామయ్యా, పొద్దుటిదాకా బుద్ధిగా తిరిగిన నౌక ఇప్పుడు పారిపోతున్నది" అన్నాడు. అతడు నడుపుతున్నది ‘ఆర్బిటర్’ అనే వ్యోమయాన అనుకరణ. మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రజ్ఞుడు దానిని 2000 లో వెలువరించాడు. అది తుపాకులు పేల్చే ఆట కాదు. న్యూటను సూత్రాల ప్రకారం ఏ గ్రహం నౌకను ఎంత లాగుతున్నదో క్షణక్షణం లెక్కకట్టి, నౌక ఎటు పోతుందో తెరమీద చూపుతుంది. కొత్త గోళాన్ని చేర్చదలచితే దాని ద్రవ్యరాశి, వ్యాసార్ధం, కక్ష్య వ్రాసి ఇస్తే చాలును.

మావాడు మొదట ఒక పాత పట్టికలోని ద్రవ్యరాశిని వ్రాశాడు. నౌకను చంద్రుని కేంద్రానికి నూరు కిలోమీటర్ల దూరాన, సెకనుకు 69 మీటర్ల వేగంతో విడిచిపెట్టాడు. అది చుట్లు తిరిగింది. తరువాత మరొక పట్టికలో వేరొక అంకె కనిపిస్తే దానిని మార్చి వ్రాశాడు. పాత అంకె కొత్తదానికి ఇంచుమించు మూడున్నర రెట్లు. కొత్త అంకెతో లెక్కకడితే, అంత దూరాన సెకనుకు 53 మీటర్లు మించిన వేగమున్న వస్తువేదీ ఆ చంద్రునికి కట్టుబడి ఉండదు. నౌక దారి నౌకదే అయినది. "రెండూ అచ్చులోనే ఉన్నవి కదా, ఏది నిజం?" అని పిల్లవాడి ప్రశ్న. యంత్రాన్ని అడిగి లాభం లేదు. అది ఏ అంకె ఇస్తే ఆ అంకెకు నమ్మకంగా పనిచేస్తుంది.

గెలీలియో 1610 లో గురుని నలుగురు చంద్రులను చూచిన తరువాత, అయిదవవాడు దొరకడానికి 282 సంవత్సరాలు పట్టింది. 1892 సెప్టెంబరు 9వ తేదీన కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో, 36 అంగుళాల దూరదర్శినితో ఎడ్వర్డ్ బర్నార్డ్ దానిని పట్టుకొన్నాడు. గురుని కాంతిలో మునిగి ఉన్న చిన్న చుక్క అది. ఛాయాచిత్రాల సహాయం లేకుండా, దూరదర్శినిలో కంటితో చూచి కనిపెట్టిన చంద్రులలో ఇదే కడపటిది. బంగాళాదుంప వంటి ఆకారం. పొడవు 250 కిలోమీటర్లు, అడ్డం సుమారు 130 నుంచి 150. దాని పరిమాణం 1979 లో వాయేజరు నౌకలు తీసిన చిత్రాలవల్ల తేలినది. కాని చిత్రాన్ని చూచి బరువు చెప్పడం ఎట్లా? పొరుగున ఉన్న అయో వలె ఇదీ రాతిముద్దే అయి ఉంటుందని తలచి, నీటికి మూడురెట్ల సాంద్రత కట్టి లెక్కవేశారు. మావాడి పాత పట్టికలోని అంకె అట్లా పుట్టినదే.

అసలు తూకం 2002 నవంబరు 5న జరిగింది. తూచినది గెలీలియో పేరు పెట్టుకొన్న నౌక. తూచిన సాధనం రేడియో. నౌక ఆ చంద్రునికి 160 కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. కెమెరా అంతకు ముందే ఆపివేసి ఉన్నందున ఫోటో ఒక్కటైనా తీయలేదు. కొండపల్లి స్టేషనులో ఆగకుండా పోయే రైలుబండి కూత దగ్గరకు వచ్చేటప్పుడు హెచ్చుగానూ, దాటిపోగానే తగ్గుగానూ వినిపించడం మీరెరుగుదురు. నౌకనుంచి వచ్చే రేడియో తరంగాలూ అంతే. చంద్రుడు లాగినకొద్దీ నౌకవేగం రవంత మారుతుంది. ఆ మార్పు భూమిమీద అందుకొన్న తరంగాల పౌనఃపున్యంలో కనిపిస్తుంది. లాగిన బలమెంతో తెలిస్తే లాగినవాని బరువు తెలిసినట్లే. ఆ దాటుడులో గురుని చుట్టూ ఉన్న ప్రచండ వికిరణం దెబ్బకు నౌకలోని టేపు రికార్డరు మొరాయించింది. టేపు మొరాయిస్తే ఎట్లుంటుందో మావంటివారికి చెప్పనక్కరలేదు! భూమిమీదనుంచే ఆదేశాలు పంపి, కొన్ని వారాలకు దానిని మరల తిప్పగలిగారు.

2005 లో ప్రకటించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరచింది. అమాల్థియా సాంద్రత నీటికంటె తక్కువ, ఇంచుమించు 0.86. అంత పెద్ద చెరువే ఉంటే అందులో తేలుతుందన్న మాట. రాతిముద్ద కాదు, లోపల బోలు సందులున్న, మంచు కూడా కలిసిన శకలాల కుప్ప. అయితే తొలినాళ్ళలో గురుడు మిక్కిలి వేడిగా ఉన్నందున అంత చేరువలో మంచు నిలవడం కష్టం. దూరాన ఎక్కడో పుట్టి తరువాత ఇక్కడికి చేరినదా అన్న చర్చ అందువల్ల వచ్చినదే.

కనుక కొత్త అంకెయే నిజం. ఆ అంకెతో మావాడికి కొత్త చిక్కు వచ్చింది. గురుని ఆకర్షణను కాదని ఈ చంద్రుడు తనదిగా ఏలుకోగల సీమ కేంద్రంనుంచి సుమారు 130 కిలోమీటర్లు మాత్రమే. దాని పొడవులో సగమే 125! అనగా గురునివైపు చాచిన కొన, చంద్రుని ఏలుబడి సరిహద్దులోనే ఉన్నది. నడిమి ప్రాంతంలో మీటరు ఎత్తునుంచి చెంబు జారవిడిస్తే నేలను తాకడానికి పది సెకన్లు పట్టవచ్చును. ఆ కొనవద్దనో, చెంబుకు బరువే ఉండదనవచ్చును. చిన్న ఉల్కలు తగిలినప్పుడు లేచిన ధూళి అక్కడ మరల పడక, గురుని చుట్టూ పలుచని వలయంగా పరచుకొంటున్నది. నౌకను ఇటువంటి గోళం చుట్టూ నిలుకడగా తిప్పడమెట్లా?

అసలు అంతవరకు చేరడమే గొప్ప. దూరంనుంచి గురునివైపు పడే నౌకకు అక్కడికి వచ్చేసరికి సెకనుకు 38 కిలోమీటర్ల వేగం వస్తుంది. చంద్రుని వేగం సుమారు 26.5. ఆ తేడా పదకొండు కిలోమీటర్లకు పైనే. శ్రీహరికోటనుంచి లేచే రాకెట్టు ఉపగ్రహాన్ని భూమి దాపు కక్ష్యలో నిలపడానికి ఇచ్చే వేగం ఎనిమిదికి లోపే. ఇక్కడ అంతకంటె ఎక్కువ వేగాన్ని, కేవలం ఆగడానికి ఖర్చు చేయాలి. మావాడు ఇంధనాన్ని తన ఇష్టం వచ్చినంత వ్రాసుకొన్నాడు గనుక సరిపోయింది. పైగా అతని తెరమీది చంద్రుడు బంతివలె గుండ్రనివాడు, కొనలు లేవు. ఆ సంగతి చెబితే కొంచెం నొచ్చుకొన్నాడు.

చివరకు దింపే ప్రయత్నం మాని, నౌకను చంద్రునికి వెనుకగా కొన్ని వందల కిలోమీటర్ల దూరాన, అదే కక్ష్యలో గురుని చుట్టూ తిరిగేటట్లు నిలిపాడు. తెరలో సగం గురుడే. అమాల్థియా ఆకాశంలో ఆ గ్రహం మన పూర్ణచంద్రునికంటె దాదాపు తొంబదిరెట్ల వెడల్పుతో కనిపిస్తుంది. ఇంతలో మా అక్కయ్య భోజనాలకు పిలిచింది. డాబామీద తూర్పున గురుడు ఒక్క చుక్కగా వెలుగుతున్నాడు. లోపల నౌకకు ఇంకా సగం ప్రదక్షిణం మిగిలి ఉన్నది.